మీటరుకెక్కని గిరాకీ

(విజయవాడలో ఇంజినీరింగ్ విద్యార్థులు, విద్యుత్ పంపిణీ ఉద్యోగులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పంపిణీ సంస్థ ఇంజినీర్లు కూర్చున్నారు, వెనక ఫైనలియర్ పిల్లలున్నారు. ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర కరెంటు గిరాకీని ముందుగా అంచనా వేయడం ఎలా అన్నది ఇవాళ్టి అంశం. పాత లెక్కల నుంచి రేపటిది చెప్పే కంప్యూటర్ మోడళ్లలో ఏది వాడాలి, అంకెల వరస నుంచి నేర్చుకునే ఎల్‌ఎస్‌టీఎం మేలా ఇంకోటి మేలా అని పిల్లలు నేను లోపలికి వస్తుండగానే అడిగారు. చెప్తాను. కానీ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మోడల్‌కి మనం ఇస్తున్న లెక్క అసలు గిరాకీ లెక్కేనా? చాలాచోట్ల కాదని నా గట్టి నమ్మకం. ఈ గంటలో ఎక్కువ సేపు దాని మీదే మాట్లాడతాను.

ఒక స్టేషన్ నుంచి ఏడాది లెక్కలు తెచ్చుకున్నారనుకోండి. ఛార్జర్లు తమ కేంద్ర సర్వరుకి కబుర్లు పంపే పద్ధతి ఒకటుంది, ఓసీపీపీ అంటారు. ఏ గన్ను, అంటే బండికి తగిలించే ఛార్జింగ్ పిడి, ఎప్పుడు తగిలించారు, ఎప్పుడు తీశారు, ఎన్ని యూనిట్లు ఎక్కాయి, అన్నీ అందులో వస్తాయి. మీరేం చేస్తారు? యూనిట్లని గంటల వారీగా కూడి, గ్రాఫు గీసి, కింద ‘డిమాండ్’ అని రాస్తారు. ఆ గ్రాఫు చూపించేది అమ్మకమండీ. కావాలని వచ్చి, దొరక్క వెళ్లిపోయినవాడి యూనిట్లు అందులో లేవు.

గవర్నర్‌పేటలో ఒక టిఫిన్ హోటల్ ఉందనుకుందాం. రోజూ రెండొందల ప్లేట్ల ఇడ్లీకి పిండి రుబ్బుతారు. తొమ్మిదింటికల్లా అయిపోతుంది. నెలాఖరున గల్లాపెట్టె పుస్తకం తెరిస్తే ప్రతి రోజూ రెండొందలే కనపడతాయి. తొమ్మిదిన్నరకి వచ్చి ‘ఇడ్లీ లేదండీ’ అనిపించుకుని వెనక్కి పోయినవాళ్లు ఏ పేజీలోనూ ఉండరు. ఆ పుస్తకం పట్టుకుని ఎంత గొప్ప గణితం చేసినా రేపటికి వచ్చే జవాబు రెండొందలే.

ఛార్జింగ్ స్టేషన్‌లో ఇది ఇంకా చిక్కు, ఎందుకంటే సున్నాకి చాలా కారణాలుంటాయి. బండి రాక సున్నా. గన్ను పాడై సున్నా. ఆ పేటకి కరెంటు తెచ్చే లైను, అదే ఫీడరు, మీద కరెంటు పోయి సున్నా. పెట్రోలు కారు అడ్డంగా పార్క్ చేస్తే సున్నా. డబ్బు కట్టే యాప్ మొరాయిస్తే సున్నా. యూనిట్ల గ్రాఫులో ఇవన్నీ ఒకే రంగులో, ఒకే గీతగా ఉంటాయి. మోడల్‌కి వాటి మధ్య తేడా తెలియదు. ‘ఇక్కడ ఎవరికీ కరెంటు అక్కర్లేదు’ అని నేర్చుకుంటుంది.

మా ఇంటివైపు ఆటోలకి, స్కూటర్లకి పెట్టిన చిన్న స్టేషన్ ఒకటి ఉంది. 3.3 కిలోవాట్ల పాయింట్లు మూడు. పోయిన వేసవిలో పిల్లల ప్రాజెక్టు కోసం అక్కడికి వెళ్లాను. మధ్యాహ్నం రెండు, ఎండ మండిపోతోంది. మూడింట్లో ఒక సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కమిలి, ఒక పక్క కొద్దిగా కరిగి కిందికి జారింది. ప్లగ్గు వదులుగా కూర్చుని గంటల తరబడి కరెంటు లాగితే అట్లాగే అవుతుంది. దాని మూతకి ఎవరో గుడ్డపీలిక చుట్టారు. ఇంకో పాయింటు తెర వెలగడమే లేదు. మూడోదానికి ఒక ఆటో తగిలించి ఉంది. డ్రైవరు వెనక సీట్లో కాళ్లు చాపుకుని కునుకు తీస్తున్నాడు.

“ఇది పాడై ఎన్నాళ్లయింది బాబూ?” అన్నాను.

“సంక్రాంతి ముందు నుంచీ ఇంతే మేడం. మొదట్లో అందరం ఫోన్లు చేసేవాళ్లం. ఇప్పుడు ఇటు ఎవరూ రావట్లేదు. ఇల్లు దగ్గరని నేనొక్కణ్నే వస్తున్నా.”

“మిగతావాళ్లు?”

“కొంతమంది ఆటోనగర్ అవతలికి పోతున్నారు. అక్కడికెళ్లి రావడానికే సగం బేరం పోద్ది. ఇద్దరైతే బండి అమ్మేసి మళ్లీ గ్యాస్ ఆటో తీసుకున్నారు.”

ఏడు యూనిట్ల బ్యాటరీ ఉన్న ఆటోకి 3.3 కిలోవాట్ల పాయింటు మీద రెండు గంటలకి పైనే పడుతుంది. అంత సేపూ బండి కదలదు, బేరం లేదు. ముందున్నవాడిది అయ్యేదాకా ఆగితే ఇంకో రెండు గంటలు. అలా ఆగగలిగిన ఆటోవాడు ఎవరుంటారు? ఇప్పుడు ఆ స్టేషన్ యూనిట్ల గ్రాఫుని ఊహించుకోండి. జనవరి నుంచి మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. దాన్ని ఏ మోడల్‌కి ఇచ్చినా, ‘ఇక్కడ గిరాకీ పడిపోతోంది, కొత్త పాయింట్లు దండగ’ అంటుంది. ఆ జవాబుని కాగితం మీద పెట్టి పైకి పంపితే మరమ్మతుకి డబ్బు రాదు, కొత్త స్టేషన్ ఇంకో పేటకి వెళ్తుంది. ఇంట్లో గ్యారేజీ, సొంత మీటరు ఉన్న కారువాళ్లకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. అద్దె వాటాలో ఉంటూ, రోడ్డు మీద బండి పెట్టుకునే ఆటోవాళ్లకే నష్టమంతా. అంచనా వేసేవాడి చేతిలో ఇంత బరువు ఉందని పిల్లలకి తెలియాలి. అందుకే ఈ సంగతి దగ్గర ఇంత సేపు ఆగాను.

ఇప్పుడు కాస్త లెక్క. ఒక కార్ల స్టేషన్ తీసుకుందాం. గంటకి సగటున ఆరు కార్లు వస్తాయి, ఒక్కొక్కటి నలభై నిమిషాలు ఉంటుంది. ఆరు నలభైలు 240 నిమిషాలు. నాలుగు గన్నులు పెడితే గంటకి 240 నిమిషాలు. సరిగ్గా సరిపోయింది కదా అనిపిస్తుంది. కార్లు వరసగా పదేసి నిమిషాలకి ఒకటి చొప్పున, టైమ్‌టేబుల్ ప్రకారం వస్తే సరిపోయేదే. అవి అట్లా రావు. ఒక్కోసారి మూడు కలిసొస్తాయి, ఒక్కోసారి అరగంట దాకా ఒక్కటీ రాదు.

ఈ చిక్కుముడిని వందేళ్ల కిందటే ఒకాయన విప్పాడు. ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్, డెన్మార్క్ దేశస్థుడు, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేశాడు. ఎన్ని లైన్లు వేస్తే ఎంతమందికి ‘లైన్ ఖాళీ లేదు’ అని చెప్పాల్సి వస్తుందన్నది ఆయన ముందున్న ప్రశ్న. 1909లో మొదటి వ్యాసం రాశాడు, 1917లో సూత్రం ఇచ్చాడు. టెలిఫోన్ రద్దీని కొలిచే యూనిట్‌కి ఇవాళ్టికీ ఆయన పేరే. లైను బదులు గన్ను, ఫోను కాల్ బదులు కారు పెట్టండి, అదే లెక్క పనికొస్తుంది.

మన ఉదాహరణకి ఎర్లాంగ్ సూత్రం వేస్తే, నాలుగు గన్నులున్నప్పుడు వచ్చిన కార్లలో 31 శాతానికి అన్నీ నిండే కనపడతాయి. నిండితే ఆగకుండా వెళ్లిపోతారని అనుకుంటున్నాం. ఆరు గన్నులు పెడితే ఆ 31 కాస్తా 12కి దిగుతుంది, ఏడు పెడితే 6కి. ఇప్పుడు ఆ నాలుగు గన్నుల స్టేషన్ యజమాని పుస్తకంలో ఏముంటుందో చూడండి. ఆరు కార్లు రావాల్సిన గంటలో ఛార్జింగ్ అయ్యేవి సగటున నాలుగు చిల్లర. అంటే ‘గంటకి నాలుగు కార్లు’ అని రాసుకుంటాడు. గన్నులు వాడుకలో ఉన్న సమయం ఎంత? 69 శాతం. ‘ఇంకా 31 శాతం ఖాళీయే కదా, కొత్త గన్ను ఎందుకు?’ అంటాడు. ఆయన చెప్పేది తప్పేం కాదు, తన పుస్తకంలో ఉన్నదే చెప్తున్నాడు. కానీ వచ్చిన ప్రతి మూడు కార్లలో దాదాపు ఒకటి వెనక్కి తిరుగుతోంది. పిల్లలూ, ఈ లెక్క ఇంటికెళ్లి మీ చేత్తో ఒకసారి చేయండి. కంప్యూటర్ అక్కర్లేదు, పావుగంట పని.

మరి మీటరుకెక్కని గిరాకీని పట్టుకోవడం ఎలా? దారి ఉంది. ఓసీపీపీలో యూనిట్లతోపాటు గన్ను స్థితి కూడా వస్తుంది. ఖాళీ, ఛార్జింగ్‌లో ఉంది, పాడైంది, అందుబాటులో లేదు, ఇట్లా. చాలామంది ఆ వరసని తీసి పారేసి యూనిట్లు మాత్రం ఉంచుకుంటారు. దయచేసి పారేయొద్దు. ప్రతి పావుగంటకీ ఒక గుర్తు వేసుకోండి. ఆ సమయంలో కనీసం ఒక గన్ను బాగుండి, ఖాళీగా ఉంటే ఆ పావుగంట యూనిట్లు నిజంగా గిరాకీయే. అన్నీ నిండి ఉంటే ఆ అంకె ‘ఇంత’ అనడానికి లేదు, ‘కనీసం ఇంత’ అని రాయాలి. గన్నులన్నీ పాడై ఉంటే, ఆ పావుగంట గురించి మనకేమీ తెలియనట్టే. సున్నా వేయకూడదు, ఖాళీ వదలాలి.

‘కనీసం ఇంత’ అన్న సమాచారంతో లెక్క కట్టే పద్ధతి అర్థశాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది. జేమ్స్ టోబిన్ 1958లో ఇచ్చాడు. టోబిట్ మోడల్ అని పుస్తకాల్లో కనపడేది అదే. తర్వాత ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. మీరు వాడే సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో అది సిద్ధంగా ఉంది. కావాల్సిందల్లా గన్ను స్థితి రాసిన ఆ ఒక్క వరస.

ఇంకో మాట కూడా ఇక్కడే. గన్ను నిండి ఉండటం వేరు, కరెంటు లాగటం వేరు. వేగంగా ఛార్జ్ చేసే డీసీ గన్ను మీద కారు 80 శాతం దాటాక బ్యాటరీయే కరెంటు తగ్గించేస్తుంది. 60 కిలోవాట్ల గన్ను మీద ఆ చివరి భాగంలో దానికి చాలా తక్కువ వెళ్తూ ఉంటుంది. కారాయన టీ తాగి వచ్చేదాకా గన్ను మాత్రం ఆయనదే. కాబట్టి రెండు అంచనాలు విడివిడిగా కావాలి. ఎన్ని గన్నులు నిండుతాయన్నది స్టేషన్ నడిపేవాళ్లకి, ఎన్ని కిలోవాట్లు పడతాయన్నది పంపిణీ సంస్థకి, అంటే డిస్కమ్‌కి. ఒకదాన్నుంచి ఇంకోటి గుణకారంతో రాదు.

సరే, మోడళ్ల సంగతి. దీని మీద ఎక్కువ సేపు ఉండను. నిన్న ఇదే వేళ, పోయిన వారం ఇదే రోజు ఇదే వేళ ఎంత ఉందో అదే రేపటి అంచనాగా రాయండి. ఇది మొదటి మెట్టు. దీన్ని ఓడించలేని మోడల్ ఎంత పెద్దదైనా అక్కర్లేదు. తర్వాత మెట్టు, పాత అంకెల తీరుని గణితంతో ముందుకి పొడిగించే పద్ధతులు: 1960 నాటి హోల్ట్-వింటర్స్, 1970 నాటి బాక్స్-జెన్‌కిన్స్ పద్ధతి. ఆ తర్వాతే 1997లో వచ్చిన ఎల్‌ఎస్‌టీఎం. ఒక్క స్టేషన్ లెక్కలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఒక కారు వస్తే ఒక్కసారి 50 కిలోవాట్లు, పోతే సున్నా. దాని మీద ఎవరి మోడలైనా తడబడుతుంది. ముప్ఫై నలభై స్టేషన్లు కలిపి చూస్తే ఎగుడుదిగుళ్లు ఒకదానికొకటి సర్దుకుంటాయి, అంచనా బాగా కుదురుతుంది. తప్పుని శాతాల్లో కొలవొద్దు, సున్నా ఉన్న గంటల్లో శాతం లెక్కకి అర్థం లేదు. కిలోవాట్లలోనే కొలవండి. ఇంకా ముఖ్యం, ఒక్క అంకె ఇచ్చి ఊరుకోకండి. ‘సగం రోజులు దీనికి లోపు, పదింట తొమ్మిది రోజులు దీనికి లోపు’ అని రెండు గీతలు ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ సైజు ఎంచేవాళ్లకి కావాల్సింది ఆ రెండో గీత.

వాడేవాళ్లని అడిగితే సరిపోదా అని ఒకరు ముందే చీటీ పంపారు. అమెరికాలో కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో తమ పార్కింగ్ ఛార్జర్ల లెక్కలు అందరికీ తెరిచి పెట్టారు. మీరూ దించుకోవచ్చు. అక్కడ కారు తగిలించేటప్పుడు ‘ఎన్నింటికి వెళ్తారు, ఎంత కావాలి’ అని అడుగుతారు. జనం చెప్పినదానికీ, నిజంగా జరిగినదానికీ చాలా తేడా వచ్చింది. పాత అలవాట్ల నుంచి కట్టిన అంచనాయే దగ్గరగా ఉంది. అడగటం మానొద్దు, కానీ దాని మీదే ఆనుకోవద్దు.

ఇప్పుడు ముందు వరసల వారికి. రాష్ట్రం మొత్తం గిరాకీ ఎండాకాలంలో 12,000 మెగావాట్లు దాటుతుంది. రోజుని 96 పావుగంటలుగా విడగొట్టి మర్నాటి షెడ్యూలు ముందురోజే ఇస్తాం. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి. ఆ సముద్రంలో ఛార్జింగ్ స్టేషన్లు ఇప్పటికి చిన్న కాలువే, గుణదల విద్యుత్ సౌధలో కూర్చుని చూస్తే కనపడవు కూడా. సమస్య వీధిలో ఉంది, మీ సెక్షన్‌లో, మీ లైన్‌మన్ ఎక్కే స్తంభం దగ్గర.

పటమటలో ఒక అపార్ట్‌మెంట్, నలభై ఫ్లాట్లు, వంద కిలోవాట్లకి కాస్త లోపు మోసే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం. మే నెల, రాత్రి పదిన్నర. ఫ్లాటుకో ఏసీ, ఒక్కోటి కిలోవాటున్నర చొప్పున అన్నీ ఒకేసారి లాగితే 60 కిలోవాట్లు. నిజానికి అన్నీ ఒకేసారి లాగవు. కంప్రెసర్ ఆగుతూ ఆడుతూ ఉంటుంది. మిక్సీ రెండు నిమిషాలు, గీజరు పావుగంట. అందరి లోడూ ఒకేసారి పడదని మనం తీసుకునే తగ్గింపు లెక్క, డైవర్సిటీ ఫ్యాక్టర్, ఈ హెచ్చుతగ్గుల మీదే నిలబడి ఉంది. అది నమ్ముకునే ఇన్నేళ్లూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో పెద్ద భవనాన్ని నెట్టుకొచ్చాం. అక్కడికి ఏడు కార్లు వచ్చాయి. ఒక్కోదానికి 7.4 కిలోవాట్ల ఛార్జర్. ఏడింటికి దాదాపు 52. ఆఫీసుల నుంచి, షాపుల నుంచి అందరూ తొమ్మిదికీ పదికీ మధ్యే ఇల్లు చేరతారు, దిగగానే తగిలిస్తారు. 30 యూనిట్లు ఎక్కాలంటే నాలుగు గంటలు. ఏసీలా ఆగి ఆగి కాదు, నాలుగు గంటలూ ఒకే ధారగా. తగిలించే సమయంలో అరగంట అటూ ఇటూ అయినా ఏడు కార్లూ పదకొండింటికి కలిసే ఉంటాయి. సంఖ్య కన్నా ఆ నాలుగు గంటల నిడివి వల్లే డైవర్సిటీ ఎగిరిపోతోంది. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు కారు ఛార్జర్‌ని గీజరుతో కలిపి ఒకే ఖాతాలో లెక్క వేయొద్దని నా మనవి.

ఆ పైన మన ఊరి ఎండ. ట్రాన్స్‌ఫార్మర్ లోపల పగలంతా కాగిన నూనె రాత్రి చల్లారాలి. మే నెలలో రాత్రి కూడా గాలి వేడిగానే ఉంటుంది, సరిగ్గా అప్పుడే లోడు ఎక్కుతోంది. లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్, వేడి 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ లోపలి ఇన్సులేషన్ కాగితం వయసు తరిగే వేగం రెట్టింపవుతుందని మీరంతా చదువుకున్నదే. అది ఆ రాత్రే పేలకపోవచ్చు. ఇరవై ఏళ్లు రావాల్సింది ముందే పోతుంది, ఎందుకు పోయిందో రిజిస్టరులో ఎవరూ రాయరు.

లోడుని పగటికి మళ్లించడం దీనికి మంచి మందు. సోలారు కరెంటు పగలు దండిగా ఉంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఛార్జింగ్‌కి ధర తగ్గించి, మిగతా వేళ పెంచే పద్ధతిని కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాల్లో పెట్టింది. నేను దీన్ని సమర్థిస్తాను. కానీ అంచనా వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ధర మారిన రోజున పాత లెక్కలు పాతబడతాయి. పైగా చవక వేళ మొదలయ్యే నిమిషానికే టైమర్లు పెట్టుకున్న బళ్లన్నీ ఒక్కసారి లేస్తే, అంతకుముందు లేని కొత్త శిఖరం పుడుతుంది. బ్రిటన్‌లో దీన్ని ముందే చూసుకుని, ఇళ్లలో పెట్టే ఛార్జర్లు చెప్పిన సమయం దాటాక పది నిమిషాల లోపు, ఒక్కోటి ఒక్కో క్షణాన, వాటంతట అవే ఆలస్యంగా మొదలవ్వాలని 2021 నిబంధనల్లో రాశారు. అలాంటి చిన్న నిబంధన మనకీ ఇప్పుడే పెట్టుకుంటే ఖర్చు లేదు. బళ్లు లక్షల్లో వచ్చాక పెట్టడం కష్టం.

రిజిస్టరైన బళ్లు ఎన్ని, వాటిని తలా ఇన్ని యూనిట్లతో గుణిస్తే సరి అనే దారి కూడా మనవాళ్లు పడుతున్నారు. అది ఇక్కడ కుదరదు. స్కూటర్లలో చాలావరకు ఇంట్లోనే సాకెట్‌కి తగిలిస్తారు, స్టేషన్ మొహం చూడవు. వెనకటిలా నంబరు ప్లేటు చూసి ఇది కృష్ణా జిల్లా ఏపీ 16 అని చెప్పడానికీ లేదు, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చేసింది. ఇక బెంజ్ సర్కిల్ దగ్గర రెండు జాతీయ రహదారుల బళ్లు వచ్చి పడతాయి. ఇక్కడ ఛార్జింగ్ పెట్టేవాళ్లలో ఈ ఊరివాళ్లెందరో, దారిన పోయేవాళ్లెందరో రిజిస్ట్రేషన్ లెక్క చెప్పదు. బస్సులు మాత్రం సుఖం. తిరుమల కొండ మీదికి 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. బస్సుకి టైమ్‌టేబుల్ ఉంది, డిపో ఉంది, రూటు ఎన్ని కిలోమీటర్లో తెలుసు. డ్యూటీ చార్టు ముందు పెట్టుకుంటే అంచనా దాదాపు అయిపోయినట్టే.

అసలు కష్టం, నాకు అసలు ఇష్టం కూడా, పండగల దగ్గర ఉంది.

సంక్రాంతి తీసుకోండి. తేదీ దాదాపు స్థిరం, జనవరి 14 లేదా 15. హైదరాబాద్ నుంచి మనకి 275 కిలోమీటర్లు. భోగికి ముందు రెండు రోజులు హైదరాబాద్ దాటాక వచ్చే పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల బారులు టీవీలో ఏటా చూస్తూనే ఉన్నాం. నిండుగా సామాను, ఏసీ, ఐదుగురు మనుషులు. ఈ దూరానికి చాలా ఎలక్ట్రిక్ కార్లు దారిలో ఒకసారి ఆగాలి. మనకి అంచనాలో గొప్ప వరం ఏమిటంటే, పంతంగి దాటిన కారు ఇక్కడికి రావడానికి నాలుగు గంటలు పైనే పడుతుంది. పొద్దున అక్కడి ఫాస్టాగ్ లెక్క తెలిస్తే మధ్యాహ్నం ఇక్కడి స్టేషన్ల సంగతి ముందే తెలిసినట్టు. అయితే విజయవాడ స్టేషన్లకి అసలు తాకిడి తిరుగు ప్రయాణంలో ఎక్కువని నా అంచనా. వచ్చేటప్పుడు ఊళ్లకి చీలిపోతారు. గుడివాడ, తెనాలి, బందరు, ఎవరిదారిన వాళ్లు. వెళ్లేటప్పుడు కనుమ మర్నాడు అందరూ ఇక్కడ నింపుకునే రోడ్డెక్కాలి. వాళ్లు సాయంత్రానికి హైదరాబాద్ చేరాలనుకుంటే ఛార్జింగ్ తెల్లవారుజామునే.

దసరా ఇలా కాదు. తిథిని బట్టి నడుస్తుంది. 2024లో విజయదశమి అక్టోబర్ 12, 2025లో అక్టోబర్ 2. పోయిన ఏడాది ఇదే వారం అని చూసే మోడల్ పదిరోజులు పక్కకి పడుతుంది. అందుకని మోడల్‌లో తేదీ వరస పక్కన తిథికి ఒకటి, నక్షత్రానికి ఒకటి వరసలు పెట్టమని మా పిల్లలకి చెప్తాను. ఇంద్రకీలాద్రి మీద మూలా నక్షత్రం రోజున ఎంత జనం వస్తారో ఈ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. మోడల్‌కి ఎవరో ఒకరు చెప్పాలి కదా. మూఢాలు, ముహూర్తాలు కూడా పెట్టాలి. పెళ్లిళ్ల రోజుల్లో ఫంక్షన్ హాళ్ల వైపు స్టేషన్ల తీరు మారుతుంది.

ఇక్కడా మీటరు మనల్ని మోసం చేసే సందర్భం ఒకటుంది. మూలా నక్షత్రం రోజున కొండ చుట్టుపక్కల పోలీసులు బళ్లని రానివ్వరు, దూరంగానే మళ్లిస్తారు. వన్‌టౌన్ వైపు స్టేషన్లలో ఆ రోజు వాడకం పడిపోతుంది. జనం మాత్రం లక్షల్లో ఉన్నారు. ‘పండగ నాడు గిరాకీ తగ్గుతుంది’ అని నేర్చుకున్న మోడల్ పక్క ఏడాది ఊరి చివర స్టేషన్లనీ తక్కువగా అంచనా వేస్తుంది. ట్రాఫిక్ మళ్లింపు ప్రకటన రెండు మూడు రోజుల ముందే పేపర్లో వస్తుంది. దాన్ని మోడల్‌కి చేర్చడం ఒక మనిషి పావుగంట పని, ఏ అల్గారిథమూ దాని బదులు చేయలేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసిన రోజులు మీ ఎవరికీ మరపుకి రావు. నీళ్లలో ఉన్న పేటల్లో కరెంటు ఆపక తప్పలేదు. ఆ రోజుల వాడకం ఖాళీగానే ఉండాలి, సున్నా రాయకూడదు. ఆ తర్వాత వారాలు ఇంకో రకం. కరెంటు ఉంది, స్టేషన్ ఉంది, మునిగిన బళ్లు షెడ్డుల్లో ఉన్నాయి. అప్పుడు తగ్గినది నిజమైన తగ్గుదల. ఈ రెంటినీ వేరు చేసి రాసి పెట్టుకున్నవాళ్లే రేపు ఇంకో వరద వస్తే పనికొచ్చే మాట చెప్పగలరు.

2028లో కృష్ణా పుష్కరాలున్నాయి. కిందటివి 2016లో జరిగాయి. అప్పటి ఛార్జింగ్ లెక్కలంటూ లేవు, ఈ బళ్లే ఇంతగా లేవు. అంటే పన్నెండు రోజులపాటు ఊరు ఊరంతా మారిపోయే ఆ సందర్భానికి మన దగ్గర ఒక్క పాత అంకె కూడా ఉండదు. దగ్గరి పోలిక దసరా రద్దీయే. ఇప్పటి నుంచి వచ్చే ప్రతి దసరాకీ గన్ను స్థితితో సహా పావుగంటల లెక్క రాసుకుంటే, పుష్కరాల నాటికి చేతిలో కొంత ఉంటుంది. లేకపోతే ఘాట్ల దగ్గర తాత్కాలిక పాయింట్లు ఎన్ని కావాలో ఆ రోజు ఊహించుకోవాల్సిందే.

చివర్లో వెనక వరస నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి ఆపుతాను. “మేడం, స్టేషన్లవాళ్లు మాకు డేటా ఇవ్వరు, మేం ఎక్కణ్నుంచి తేవాలి?” అన్నాడు. మీ కాలేజీకి దగ్గర్లో ఒక స్టేషన్ చూసుకోండి. నలుగురు జట్టుగా ఉండండి, ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా వంతులేసుకోండి. ఒక నోటుబుక్కు, పావుగంటకో గడి. ఐదు వరసలు గీయండి. గన్నులు బాగున్నవెన్ని, నిండినవెన్ని, వచ్చిన బళ్లెన్ని, ఆగినవెన్ని, ఆగకుండా వెళ్లిపోయినవెన్ని. ఆటో, స్కూటరు, కారు విడివిడిగా. వెళ్లిపోయేవాళ్లని వీలైతే పలకరించి ఎక్కడికి పోతున్నారో అడగండి, చెప్తారు. రెండు వారాలు చేస్తే, నాకు తెలిసి ఈ ఊళ్లో ఎవరి దగ్గరా లేని లెక్క మీ దగ్గర ఉంటుంది. ఆ పుస్తకం పట్టుకుని ముందు వరసలో కూర్చున్న అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారి దగ్గరికి వెళ్లండి. ఆ ఫీడరు లాగ్‌షీటు ఆయన దగ్గర ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి కూర్చోండి. ఎండ ముదరక ముందే మొదలుపెట్టండి, మంచినీళ్ల సీసా మరవొద్దు.